గాలానికి ఎర ఎంత ఉండాలి?

"పెద్ద చేప కావాలంటే పెద్ద ఎర పెట్టాలి" అనే మాట చెరువు గట్టున తరచుగా వినబడుతుంది. కొరమీను విషయంలో ఇది కొంతవరకు నిజమే. అది కప్పలనూ చిన్న చేపలనూ వేటాడి మింగుతుంది. కాని బంగారుతీగ వంటి కార్పు చేపల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ చేప నోరు చూడాలి.

బంగారుతీగ మన దేశపు చేప కాదు. 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చిన రకం మన మైదానాల చెరువుల్లో స్థిరపడింది. దాని దవడలకు పళ్లుండవు. పళ్లన్నీ గొంతులో, గ్రసని భాగంలో ఉంటాయి. నత్తగుల్లనైనా అక్కడే నలగగొడుతుంది. ఇంకొక వింత, ఈ చేపకు జీర్ణాశయం లేదు! ఆహారం గొంతు నుంచి సరాసరి పేగులోకి పోతుంది. అందుచేత ఒక్కసారిగా మెక్కి ఊరుకోవడం దానికి కుదరదు. అడుగున తిరుగుతూ కొంచెం కొంచెంగా పలుమార్లు తింటుంది. మూతిని గొట్టంలా ముందుకు చాచి బురదనూ నీటినీ కలిపి లోపలికి పీల్చి, పురుగులనూ గింజలనూ నోటిలోనే ఏరుకొని, మిగిలినది ఉమ్మివేస్తుంది. కిలోల బరువు తూగే చేప కూడా చాలావరకు మిల్లీమీటర్లలో కొలిచే తిండి మీదే బతుకుతుంది.

ఈ పీల్చడాన్ని మీరే ప్రయోగం చేసి చూడవచ్చు. సూది లేని కొత్త సిరంజి, వెడల్పు గిన్నెలో నీరు, నానబెట్టిన ఆవాలు, పెసలు, శనగలు చాలు. గింజను నీటి అడుగున ఉంచి, సిరంజి మూతిని దాని ఎదుట పెట్టి, లోపలి కడ్డీని గబుక్కున వెనక్కి లాగండి. ఏ గింజ ఎంత దూరం నుంచి కదిలిందో స్కేలుతో కొలవండి. ఏది ముందు కదులుతుందో ప్రయోగానికి ముందే ఊహించి రాసుకుంటే మరీ మంచిది. మూతి నుంచి దూరం రెట్టింపయితే నీటి వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక చేప కూడా దగ్గరగా ఉన్నదానినే, తేలికైనదానినే సులభంగా పీల్చగలదు.

ఇప్పుడు కొంచెం లెక్క. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల పిండి ఉండ ఘనపరిమాణం సుమారు 0.52 ఘన సెంటీమీటర్లు. వ్యాసం 20 మిల్లీమీటర్లు చేస్తే అది 4.2 అవుతుంది, అంటే ఎనిమిది రెట్లు. పిండి సాంద్రత 1.1 అనుకుంటే నీటిలో మొదటి ఉండ 0.05 గ్రాములు, రెండవది 0.42 గ్రాములు తూగుతాయి.

అయితే ఎర ఎంత చిన్నదైతే అంత మంచిదా? కాదు. లోపల ఇనుప ముల్లు ఉందని మరవకండి. 0.2 గ్రాముల ముల్లు నీటిలో 0.17 గ్రాములు తూగుతుంది. పెద్ద ఉండలో ముల్లు బరువు అంతగా తెలియదు. చిన్న ఉండ మాత్రం ముల్లుతో కలిసి, మామూలుగా ఉండవలసినదానికి నాలుగు రెట్లకు పైగా బరువెక్కుతుంది. చుట్టూ పడి ఉన్న నూకలు పీల్చగానే లేస్తాయి, ఇది లేవదు. కనుక ఎర తగ్గించినప్పుడు ముల్లు కూడా సన్నదిగా మార్చాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

పెద్ద ఎరకూ ఒక ఉపయోగం లేకపోలేదు. మెత్తని చిన్న ఎరను పరిగెల వంటి చిరుచేపలు క్షణంలో పొడిచి తినేస్తాయి. ఇంగ్లండులో కార్పు పట్టేవారు పిండిలో గుడ్లు కలిపి, ఉండలు చేసి ఉడికించి గట్టిపరుస్తారు. వీటిని బాయిలీలు అంటారు. సాధారణంగా ఇవి 15 నుంచి 20 మిల్లీమీటర్లుంటాయి. చిరుచేపల నోటికి పట్టవు. అక్కడి చలికాలంలో నీరు బాగా చల్లబడితే చేప శరీర ఉష్ణోగ్రతా దానితోపాటే పడిపోయి, ఆకలి మందగిస్తుంది. అప్పుడు 10 మిల్లీమీటర్ల ఉండలకు దిగుతారు. మన చెరువులు అంతగా చల్లబడవు గనుక ఆ బెడద మనకు లేదు.

బొచ్చె చేప సంగతి పూర్తిగా వేరు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. పై నీటిలో తేలే జంతుప్లవకాలను మొప్పల దగ్గరున్న దువ్వెన పళ్ల వంటి నిర్మాణాలతో వడగట్టి తింటుంది. దానికి గట్టి ఉండ వేసి లాభం లేదు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన వదులు ముద్దలో చిన్న ముళ్లు దాచి వేస్తారు. ముద్ద నీటిలో మెల్లగా కరిగి పొడి పొడిగా విడిపోతుంది. బొచ్చె ఆ పొడిని పీల్చుతుంటే ముల్లు కూడా దానితోపాటు నోటిలోకి పోతుంది. ఇక్కడ ముద్ద నిమ్మకాయంత ఉన్నా, చేపకు అందే ఎర మాత్రం తవుడు రేణువంతే.