ఆపద సంకేతము - ఒడ్డున మన కర్తవ్యము

వేటకు పోయిన పడవ చెప్పిన దినమునకు తిరిగి రానిచో తీర గ్రామమున కలుగు ఆందోళన ఎట్టిదో, ఆ గ్రామముల పంచాయతి సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన పెనుతుఫానులో వందలాది మత్స్యకారులు సముద్రమునుండి తిరిగి రాలేదు. వారిలో అనేకుల జాడయే తెలియలేదు. నడిసముద్రమునుండి ఒడ్డునకు మాట చేరవేయు సాధనము ఆనాడు సామాన్య మత్స్యకారునికి లేదు.

నేడు అట్టి సాధనము ఉన్నది. చిన్న యంత్రముపై ఒక మీట నొక్కినచో, పడవ ఎచ్చట నున్నదో ఆ వార్త ఉపగ్రహము ద్వారా కొద్ది నిమిషములలో ఒడ్డునకు చేరగలదు. అయితే యంత్రము చేయు పని అంతటితో ముగియును. ఆ తరువాతి పని మనుష్యులది. సంకేతము పంపిన పడవ ఎవరిది? అందులో ఎందరున్నారు? ఎప్పుడు బయలుదేరినారు? ఈ ప్రశ్నలకు ఉత్తరము ఆకాశమున దొరకదు; గ్రామముననే దొరకవలెను. ఈ విషయమున పంచాయతులు చేయదగిన సహాయమును వివరించుటయే ఈ పాఠము ఉద్దేశము.

సంకేత యంత్రము పనిచేయు విధము

ఆపద సంకేత యంత్రమును ఇంగ్లీషున ‘బీకన్’ అందురు. విమానములకు ఒక రకము, ఓడలకు ఒక రకము, కొండలలోను అడవులలోను సంచరించు వ్యక్తులు వెంట నుంచుకొనుటకు మరియొక రకము కలవు. ఇవి యన్నియు 406 మెగాహెర్ట్జ్ రేడియో తరంగముపై పనిచేయును. యంత్రము మేల్కొనిన తరువాత సుమారు 50 సెకండ్లకు ఒకసారి, అర సెకండు కాలము మాత్రమే ఒక చిన్న కేక వేయును. ఆ కేకలో దాని గుర్తింపు సంఖ్య ఇమిడియుండును. ఓడలపై నుండు యంత్రముల బ్యాటరీ 48 గంటలును, మిగిలిన రెండు రకముల బ్యాటరీ 24 గంటలును పనిచేయునట్లు నిర్మింతురు.

భూమికి దగ్గరగా తిరుగు ఉపగ్రహము ఈ కేకను విని స్థలమును ఎట్లు కనుగొనును? రైలుకట్ట ప్రక్కన నిలిచినవారికి ఇది సులభముగా బోధపడును. రైలు మన వైపు వచ్చుచున్నప్పుడు దాని కూత సన్నగా వినబడును, దాటిపోవుచున్నప్పుడు బొంగురుపోవును. అట్లే ఉపగ్రహము సమీపించునప్పుడును, దూరమగునప్పుడును సంకేతపు స్థాయిలో కలుగు మార్పును లెక్కకట్టి స్థలమును నిర్ణయింతురు. నేటి యంత్రములు పెక్కింటిలో స్థలమును స్వయముగా గుర్తించు జీపీఎస్ కూడ నుండుటచే పని మరింత సులభమైనది.

ఈ ఏర్పాటునకు ‘కాస్పాస్-సార్సాట్’ అని పేరు. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ దేశములు దీనికై ఒడంబడిక చేసికొన్నవి. ఆ కాలమున ఒకదాని నొకటి అనుమానించుకొను రాజ్యములు సైతము, ఆపదలో నున్న మనిషిని కాపాడు విషయమున చేతులు కలుపుట గమనింపదగినది. సోవియట్ యూనియన్ మొదటి ఉపగ్రహమును 1982 జూన్ 30వ తేదీన ప్రయోగించెను. ఆ సెప్టెంబరులోనే కెనడా పశ్చిమ భాగపు కొండలలో కూలిన ఒక చిన్న విమానపు సంకేతమును అది వినెను; అందలి ముగ్గురును ప్రాణములతో బయటపడిరి. ఉపగ్రహము సహాయమున జరిగిన రక్షణలలో ఇదియే మొదటిది. భారతదేశము కూడ ఈ ఏర్పాటున భాగస్వామి. మన దేశపు కేంద్రము బెంగళూరున కలదు. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మాల్దీవులు మున్నగు పొరుగు దేశములకు సంబంధించిన సంకేతములను కూడ అది అందుకొనుచున్నది.

దక్షిణ సముద్రమున ఒక భారత నావికుడు

ఈ విధానము మిక్కిలి దూర ప్రాంతములలో ఎట్లు పనిచేయునో 2018లో జరిగిన ఒక సంఘటన తెలుపును. భారత నౌకాదళమునకు చెందిన కమాండర్ అభిలాష్ టోమీ, గోవాలో నిర్మించిన ‘తురీయ’ అను తెరచాప పడవపై ఒంటరిగా ప్రపంచమును చుట్టివచ్చు పందెమున పాల్గొనుచుండెను. సెప్టెంబరు 21వ తేదీన హిందూ మహాసముద్రపు దక్షిణ భాగమున తుఫాను ఆ పడవను బోర్లద్రోసెను. తెరచాప కొయ్య విరిగెను. ఆయన వెన్నెముకకు తీవ్రమైన దెబ్బ తగిలెను. లేచి నిలుచుటకైన శక్తి లేకపోయెను. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరము అచ్చటికి 1,900 నాటికల్ మైళ్ల దూరమున, అనగా సుమారు 3,500 కిలోమీటర్ల దూరమున నున్నది.

ఆయన సంకేత యంత్రమును మేల్కొలిపెను. సముద్రములో ఆ భాగపు బాధ్యత ఆస్ట్రేలియా రక్షణ సమన్వయ కేంద్రమునది. ఆ కేంద్రము సమీపమున నున్న నౌక లెవ్వియో విచారించెను. భారత నౌకాదళ విమానము మారిషస్ నుండి ఎగిరి, కొయ్య విరిగి తేలియాడుచున్న పడవను కనుగొనెను. చేపల వేటపై నిఘా నుంచు ‘ఒసిరిస్’ అను ఫ్రెంచి ఓడ సెప్టెంబరు 24వ తేదీన అచ్చటికి చేరి, ఆయనను స్ట్రెచరుపై తన డెక్కుపైకి చేర్చెను. ‘సాత్పురా’ అను భారత యుద్ధనౌక ఆయనను అక్టోబరు మొదటి వారమున విశాఖపట్నమునకు తీసికొనివచ్చెను. ఆయన కోలుకొని, 2022లో ఆరంభమైన అదే పందెమున తిరిగి పాల్గొని, 2023లో రెండవ స్థానమును పొందెను.

ఇందు మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. సంకేతము అందిన క్షణముననే ఆ పడవ ఎవరిదో, అందు ఎందరున్నారో, అది ఏ దారిన పోవుచున్నదో ఒడ్డున నున్నవారికి తెలిసియుండెను. పందెము నిర్వాహకుల చేతిలో వివరము లన్నియు సిద్ధముగా నుండెను. అందుచే ఒక్క గంటయు విచారణకు వ్యర్థము కాలేదు. మన రేవునుండి వేటకు పోవు పడవకు అట్టి నిర్వాహకులు ఎవరు?

మన తీరమున ఉన్న ఏర్పాట్లు

మన దేశమున సముద్రముపై గాలింపు, రక్షణ కార్యములను సమన్వయపరచు బాధ్యత భారత తీర రక్షక దళమునది. దీనినే మన జనము కోస్టు గార్డు అని వ్యవహరింతురు. తూర్పు తీరమునకు చెన్నైలోని సమన్వయ కేంద్రము ముఖ్యము. విశాఖపట్నము, కాకినాడ, నిజాంపట్నము, కృష్ణపట్నములలో ఈ దళపు స్థావరములు కలవు. ఆపదను తెలుపుటకు 1554 అను ఉచిత ఫోను నంబరు ఉన్నది.

మత్స్యకారుల కొరకు ఇస్రో సంస్థ ప్రత్యేకముగా ఒక సంకేత యంత్రమును రూపొందించినది. ఇది 2010 నుండి వాడుకలో ఉన్నది. పడవకు నిప్పంటుకొన్నదో, పడవ మునుగుచున్నదో, మనిషి నీట పడినాడో, వైద్య సహాయము కావలెనో దీని ద్వారా తెలుపవచ్చును. 20,000కు పైగా ఇట్టి యంత్రములు వాడుకలో నున్నట్లు 2024 జనవరిలో ఇస్రో తెలిపినది. మొదటి యంత్రములలో ఒక లోపము ఉండెను. సంకేతము పంపినవానికి అది ఒడ్డునకు చేరినదో లేదో తెలియకుండెను. చీకటిలో అలలనడుమ నున్నవానికి ఈ సందేహమే సగము ప్రాణము తీయును. 2024 జనవరిలో ప్రకటించిన రెండవ తరము యంత్రమున ఈ లోపము తొలగినది. పిలుపు అందినదను సమాధానము తిరిగి పడవకు చేరును; తుఫాను హెచ్చరికలను కూడ దానికి పంపవచ్చును. ఇదిగాక, లక్ష పడవలకు రెండువైపుల వార్తలు నడుపు ట్రాన్స్‌పాండరు లమర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2024 ఆగస్టు 30వ తేదీన ప్రారంభించినది.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, అనగా ఇన్కాయిస్, మరియొక విధముగా తోడ్పడుచున్నది. పడవ చివరిసారి కనబడిన స్థలము, సమయము తెలిపినచో, గాలియు సముద్ర ప్రవాహమును దానిని ఏ దిక్కునకు కొట్టుకొని పోయి యుండునో ఆ కేంద్రపు గణన విధానము అంచనా వేయును. సంకేత యంత్రము లేని చిన్న నావల విషయమున ఇది మిక్కిలి ఉపయోగకరము. కాని చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనబడినదో చెప్పగలవాడు తోటి మత్స్యకారుడే.

ఆలస్యమునకు లెక్క

“ఇంకొక రోజు చూతము” అని కుటుంబము వారు ఊరకుండుట సహజము. ఆ ఒక్క రోజు విలువ ఎంతో లెక్కవేసి చూతము. ఇంజను చెడిన పడవ గంటకు 2 కిలోమీటర్ల చొప్పున, ఏ దిక్కునకో తెలియకుండ, కొట్టుకొనిపోవుచున్నదని అనుకొందము. 6 గంటల తరువాత అది 12 కిలోమీటర్ల వృత్తములో ఎచ్చటనైన ఉండవచ్చును. ఆ వృత్తపు వైశాల్యము సుమారు 450 చదరపు కిలోమీటర్లు. 24 గంటల తరువాత ఆ వృత్తము 48 కిలోమీటర్లకు విస్తరించును. వైశాల్యము 7,200 చదరపు కిలోమీటర్లు దాటును. ఆలస్యము నాలుగింతలైనచో గాలింపవలసిన నీరు పదునారింతలగును. విమానము అదియే, దాని ఇంధనము అంతయే.

ఉత్తుత్తి సంకేతము

ప్రపంచమంతటను అందుచున్న సంకేతములలో అధిక భాగము నిజమైన ఆపదవి కావు. పిల్లలు ఆటగా నొక్కుట, శుభ్రము చేయునప్పుడు మీట తగులుట, పాత యంత్రమును ఇనుప సామాను వానికి అమ్మివేయుట ఇందుకు కారణములు. ప్రతి సంకేతమును నిజమని భావించియే రక్షకులు విచారింపవలెను. యజమాని ఫోనునకు పలికినచో, అది పొరపాటో నిజమో నిమిషములో తేలిపోవును. యంత్రము ఒకరి పేర నమోదై, పడవ మరియొకరికి అమ్ముడుపోయి, ఫోను నంబరు మారిపోయి యున్నచో విమానము బయలుదేరక తప్పదు. అదే సమయమున వేరొక చోట నిజముగా మునుగుచున్నవారు వేచియుందురు. కావున పొరపాటున మీట నొక్కినవాడు యంత్రమును కట్టివేసి మాటుమణగి యుండరాదు; వెంటనే 1554కు ఫోను చేసి జరిగినది చెప్పవలెను.

పంచాయతి చేయదగిన పనులు

ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. ఒక పుస్తకము, ఒక బాధ్యతగల మనిషి చాలును.

1. గ్రామములోని ప్రతి పడవకు ఒక పుట కేటాయించి, పడవ పేరు, రిజిస్టరు నంబరు, రంగు, యజమాని పేరు, సంకేత యంత్రపు సంఖ్య, ఇంటి వద్ద పలుకు రెండు ఫోను నంబర్లు వ్రాయవలెను.

2. బయలుదేరునప్పుడు సరంగు, కళాసీల పేర్లు, పోవు దిక్కు, తిరిగివచ్చు దినము తెలుపు అలవాటును మత్స్యకార సహకార సంఘము ద్వారా నెలకొల్పవలెను. ఈ పుస్తకము రాత్రివేళ కూడ అందుబాటులో ఉండవలెను. తాళము వేసిన బీరువాలోని వివరము ఎవరిని కాపాడదు.

3. పడవ చేతులు మారినప్పుడు యంత్రపు నమోదును కూడ మార్పించవలెను. ఈ విషయమున మత్స్యశాఖ ఉద్యోగుల సహాయము పొందవచ్చును.

4. వేట నిషేధ కాలమున పడవలు ఒడ్డున నుండును. ఆ దినములలో యంత్రములను, బ్యాటరీలను పరీక్షింపజేసి, సరంగుకే గాక కళాసీ లందరికిని వాడుక నేర్పవలెను. ఆపద వచ్చినప్పుడు మీట నొక్కవలసిన వాడు ఎవడగునో ముందుగా తెలియదు గదా!

5. శ్రీకాకుళము మున్నగు జిల్లాలనుండి గుజరాతులోని వేరావల్ వంటి రేవులకు కూలికి పోవువారు పెక్కుమంది కలరు. వారు ఎక్కు పడవ పేరు ఇంటివారికి తెలియకుండుట కద్దు. ఆ పడవ పేరును, యజమాని ఫోను నంబరును కూడ గ్రామ పుస్తకమున నెక్కింపవలెను.

6. చెప్పిన దినమునకు పడవ రానిచో ఎవరు, ఎన్ని గంటలకు 1554కు తెలుపవలెనో పంచాయతి సమావేశమున ముందే తీర్మానింపవలెను. అప్పుడు కబురు చేయుట భయపడిన కుటుంబపు పని గాక, గ్రామపు కట్టుబాటు అగును.

పై పనులలో ఏదియు యంత్రము చేయజాలదు. ఆకాశమునుండి వచ్చిన పిలుపునకు ఒడ్డున బదులు పలుకు గొంతు గ్రామముదే కావలెను. ఆ గొంతు సిద్ధముగా నున్న గ్రామములో, సముద్రముపై కష్టజీవనము గడుపువాడు మీట నొక్కిన క్షణమున ఒంటరివాడు కాడు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో సంకేత యంత్రము గల పడవలు ఎన్ని? వాటి నమోదు ప్రస్తుత యజమానుల పేరనే ఉన్నదా?

2. ఈ రాత్రి ఒక సంకేతము అందినచో, మన గ్రామమున ఫోనునకు పలుకువారు ఎవరు?

3. పరాయి రేవులలో పనిచేయు మన యువకులు ఏ పడవలపై ఉన్నారో మనకు తెలియునా?