ప్రత్యేక విద్యాశాస్త్రాధ్యయనము

ప్రతి సంవత్సరమును పదియవ తరగతి పరీక్షలు ముగియు దినములలో విద్యార్థులును వారి తలిదండ్రులును మాయొద్దకు వచ్చి, ఇటుపైని ఏ చదువు చదివించిన మేలని యడుగుట వాడుక. వైద్యము, ఇంజనీరింగు, వాణిజ్యము, న్యాయశాస్త్రము అను పేరులు తఱచుగ వినబడును. ఉపాధ్యాయవృత్తిని గోరువారు కొలదిమంది. అందును, సులభముగ నేర్చుకొనలేని బాలబాలికలకు నేర్పు విధానమును విశ్వవిద్యాలయమునందు శాస్త్రముగ నభ్యసింపవచ్చునని యెఱిగినవారు మిక్కిలి యరుదు. ఆ శాస్త్రమును ప్రత్యేక విద్య యనియు, సమ్మిళిత విద్య యనియు రెండు పేరులతో వ్యవహరించుచున్నారు. అది యెట్టిది, ఏల పుట్టినది, దాని నభ్యసించువారు ఏమి నేర్చుకొందురు అను సంగతులను మన విద్యార్థులకును వారి పెద్దలకును దెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నొక బాలుని వృత్తాంతము చెప్పెదను. ఇది నా తప్పిదమును గూర్చినది గావున దాచుట న్యాయము గాదు. సుమారు పదునైదేండ్ల క్రిందట నేను వేఱొక పాఠశాలలో ఎనిమిదవ తరగతికి తెలుగు బోధించుచుంటిని. ఆ తరగతిలో పదమూడేండ్ల బాలుడొకడుండెను. నేను పాఠము చెప్పుచుండగా వాడు ఱెప్ప వేయక వినెడివాడు. మఱునాడు ప్రశ్నించినచో విన్నది విన్నట్లు చెప్పెడివాడు. తరగతిగదిలోని గడియారము నిలిచిపోయినప్పుడు విప్పి బాగుచేసినవాడును వాడే. కాని పుస్తకము చేతికిచ్చి చదువుమన్నచో నొక్కొక్క యక్షరమును వెదకి పట్టుకొనుచు, ఒక పంక్తి ముగియులోపలనే చెమటలు గ్రమ్మి నిలిచిపోయెడివాడు. 'మ'ను 'య' యనియు, 'ప'ను 'వ' యనియు చదివెడివాడు. వ్రాతలో ఒత్తులు విడిచెడివాడు. గుణింతపు గుర్తులను తాఱుమాఱు చేసెడివాడు. ఇంత తెలివి గలవాడు చదువలేకపోవుటకు సోమరితనముకంటె వేఱు కారణ ముండదని నేను నిశ్చయించుకొంటిని. పదిమందిలో నిలువబెట్టి చదివించితిని. తడబడినప్పుడెల్ల తోడివారు నవ్విరి, నేను వారింపలేదు. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. తండ్రిని పిలిపించి యడుగగా, "వీనికి చదువు రాదని తమరే చెప్పితిరి గదా, మాష్టరుగారూ! పనిలో బెట్టినాను" అనెను. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయెను.

కొన్నేండ్లకు ఉపాధ్యాయులకై వేసవిలో నేర్పఱచిన ప్రత్యేకవిద్యా తరగతులకు వెళ్లితిని. ట్రెయినింగు కళాశాలలో మేము మనస్తత్వశాస్త్రము చదివియుంటిమి. కాని యది పరీక్షకై చదివిన చదువేగాని, తరగతిలోని యే బాలునితోను దానిని జోడించి చూచినది లేదు. ఒకనాడు ఉపన్యాసకురాలు డిస్లెక్సియా యను పఠనవైకల్యమును వివరించుచు, 1896లో ఇంగ్లండునందు ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు ప్రకటించిన యొక వృత్తాంతమును జెప్పిరి. పదునాలుగేండ్ల బాలుడు, చూపు చక్కగ నున్నది, లెక్కలు చేయగలడు, ఏండ్లకొలది నేర్పినను చదువ నేరడు. బోధనయంతయు నోటిమాటగనే జరిగినయెడల బడిలో వానిని మించువాడుండడని వాని యుపాధ్యాయుడే తలచెనట. ఆ మాట వినినతోడనే నా తరగతిలోని బాలుడు నా కన్నులయెదుట నిలిచెను. నూఱేండ్లకు మునుపే వైద్యులు గుర్తించిన సంగతిని ఉపాధ్యాయుడనైన నేనెఱుగక, ఒక బాలుని చదువునకు అడ్డుపడితినని గ్రహించితిని.

ఇక నీ శాస్త్రముయొక్క చరిత్రమును సంగ్రహముగ జూతము. చూపులేనివారికిని వినికిడిలేనివారికిని చదువబ్బదని లోకము చిరకాలము నమ్మియుండెను. పదునెనిమిదవ శతాబ్దమున పారిసు నగరములో ఎపే అను మతాచార్యుడు బధిరులకు సైగలద్వారా బోధించు పాఠశాల నడపెను. వాలెంటిన్ హావీ యనునాతడు అంధబాలురకు పాఠశాల స్థాపించెను. ఆ హావీ స్థాపించిన పాఠశాలలోనే 1819లో లూయీ బ్రెయిలీ యను పదేండ్ల బాలుడు చేరెను. ఇతడు 1809లో ఒక జీనుల పనివాని యింట బుట్టి, మూడవయేట తండ్రి పనిముట్టు కంట గ్రుచ్చుకొనుటచే క్రమముగ చూపు గోల్పోయినవాడు. బార్బియే యనునతడు కల్పించిన చుక్కల వ్రాతను విని, దానిని సంస్కరించి, ఆఱు చుక్కలతో సమస్తాక్షరములను వ్రాయు పద్ధతిని పదునైదేండ్ల వయస్సుననే యేర్పఱచెను. 1829లో దానిని ప్రకటించెను. నేడు తెలుగును సైతము ఆ యాఱు చుక్కలతోనే వ్రాయుచున్నారు. భారతీయభాషల కన్నిటికిని సామాన్యమైన బ్రెయిలీ పద్ధతి 1951లో నంగీకరింపబడినది.

బుద్ధిమాంద్యము గలవారి విద్యకు పునాది వేసినవారిలో ఇటార్ అను వైద్యుడు ముఖ్యుడు. ఫ్రాన్సుదేశపు అడవులలో నొంటరిగ దొరికి 1800లో పారిసునకు దేబడిన బాలునికి అతడు కొన్ని సంవత్సరములు ఓరిమితో నేర్పెను. ఆ బాలుడు మాటలాడ నేర్వలేదు గాని, ఇంద్రియములద్వారా బుద్ధిని మేల్కొలుపవచ్చునను సూత్ర మందుండి వెలువడెను. ఇటార్ శిష్యుడైన సెగాన్ దానిని వృద్ధిచేసెను. వారిరువురి గ్రంథములను జదివి, ఇటలీదేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి 1907లో రోములో తన శిశుగృహమును దెఱచెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి మనదేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. చదువరులారా! వెనుకబడిన బిడ్డకొఱకు కనిపెట్టిన పద్ధతియే నేడు సామాన్యశిశువుల కెల్లరకును ఉపకరించుచున్నది. ఇది యీ శాస్త్రమున మఱువరాని సంగతి.

మనదేశమున మిషనరీ స్త్రీలీ పనికి దారి దీసినవారిలో నున్నారు. 1887లో అమృతసరమునందు ఆనీ షార్పు అను నామె అంధులకు పాఠశాల స్థాపించెను. దక్షిణదేశమున పాలయంకోటలో ఫ్లారెన్సు స్వెయిన్సన్ అను నామె బధిరబాలురకు చదువు నేర్పెను.

అయితే నిట్టి పాఠశాలలు ఎంత మేలు చేసినను, వానియం దొక లోపము లేకపోలేదు. బిడ్డ యిల్లు విడిచి, ఊరి పిల్లలనుండి వేఱై పెరుగవలసి వచ్చెను. ఊరిపిల్లలకును అట్టివారితో మెలగు నలవాటు లేకపోయెను. 1978లో ఇంగ్లండునందు మేరీ వార్నాక్ అధ్యక్షతనున్న సంఘము తన నివేదికలో, బాలురను వైకల్యముల పేరులనుబట్టి విభజించుట మాని, ఒక్కొక్క బిడ్డకు నేర్చుకొనుటకు ఏమి కావలయునో విచారింపవలెనని చెప్పెను. విద్యాభ్యాసకాలములో నెప్పుడో యొకప్పుడు ప్రతి యైదుగురిలో నొకరికి ప్రత్యేకసహాయము కావలసివచ్చునని యా సంఘము తలచెను. 1994లో స్పెయినుదేశపు సలమాంకా నగరమున 92 దేశముల ప్రతినిధులు కూడి, సాధ్యమైనంతవఱకు బిడ్డలందఱును ఊరిబడిలోనే కలిసి చదువవలెనని ప్రకటించిరి. 2006లో ఐక్యరాజ్యసమితి యామోదించిన ఒడంబడికయు దీనినే బలపఱచెను. భారతదేశము 2007లో దాని నంగీకరించెను.

సమ్మిళిత విద్య యనగా బిడ్డను బడిలో జేర్చుకొనుట మాత్రమే కాదు. చక్రాల కుర్చీలో వచ్చు బాలుని మనము చేర్చుకొంటిమనుకొందము. తరగతి మేడపైనున్నది. తోడివారు ప్రతిదినమును వానిని మోసికొని పోవుదురు. ఇందు దయ కలదు గాని, ఆ బాలుడు ప్రతిదినమును ఒరులకు ఋణపడుచున్నాడు. ఆ తరగతిని క్రిందిగదికి మార్చి, వాకిట మెట్లప్రక్కన ఏటవాలు దారి కట్టించినచో వాడు తనంతట తానే లోనికి వచ్చును. మొదటిదానిలో బిడ్డ బడికి తగినట్లు మాఱవలెను. రెండవదానిలో బడి బిడ్డకు తగినట్లు మాఱును. ఈ రెండవదియే సమ్మిళిత విద్య. కట్టడమునకు వర్తించు నీ న్యాయము బోధనకును, పరీక్షకును, ఉపాధ్యాయుని మాటతీరునకును వర్తించును.

మన శాసనములు సైతము ఈ దారినే నడిచినవి. 1995 నాటి శాసనములో ఏడు వైకల్యములు మాత్రమే పేర్కొనబడెను. నేను జెప్పిన బాలుని కష్టమునకు అందు పేరే లేదు. 2016 నాటి శాసనము ఇరువదియొక్కటి పేర్కొన్నది. వానిలో డిస్లెక్సియా మొదలైన నిర్దిష్ట అభ్యసన వైకల్యములును, ఆటిజమును గలవు. నలువది శాతమునకు తక్కువగాని వైకల్యమున్నట్లు ధ్రువపఱుపబడిన బాలబాలికలకు ఆఱవయేడు మొదలు పదునెనిమిదవయేటివఱకు ఉచితవిద్య పొందు హక్కు కలదని యా శాసనము చెప్పుచున్నది.

ఈ శాస్త్రము నభ్యసింప గోరువారు ఏమి చదువుదురు? మొదట శిశువుయొక్క పెరుగుదలను, నేర్చుకొనుటయందు మనస్సు పనిచేయు రీతిని చదువుదురు. పిమ్మట వైకల్యముల స్వభావమును, వానిని తొలిదశలో గుర్తించు విధమును నేర్తురు. ఎంచుకొన్న శాఖనుబట్టి బ్రెయిలీయో, సైగభాషయో, వినికిడి యంత్రముల యుపయోగమో, బుద్ధిమాంద్యము గలవారికి నిత్యకృత్యములు నేర్పు పద్ధతియో యభ్యసింతురు. ఒక్కొక్క బిడ్డకును వ్యక్తిగత విద్యాప్రణాళికను వ్రాయుట ముఖ్యమైన పాఠము. బిడ్డ యిప్పుడేమి చేయగలడు, మూడు మాసములలో ఏమి నేర్పవలెను, ఎట్లు నేర్పవలెను, నేర్చినాడో లేదో యెట్లు తెలిసికొనవలెను అను నాలుగు ప్రశ్నలకు అందు బదులుండవలెను. వీనితోబాటు ప్రత్యేకపాఠశాలలోను, సామాన్యపాఠశాలలోను బోధించి చూపవలెను. తలిదండ్రులతో మాటలాడు తీరునుగూడ నేర్చుకొనవలెను. అది పుస్తకములలోని పాఠములకంటె కష్టమైనది.

మనదేశమున ఈ చదువులను 1992 నాటి శాసనముననుసరించి భారత పునరావాస మండలి క్రమపఱచుచున్నది. డిప్లొమా, ప్రత్యేకవిద్యలో బి.ఎడ్., ఎం.ఎడ్. అను మెట్లు కలవు. ముగించినవారు ఆ మండలి పట్టికలో తమ పేరు చేర్పించుకొనవలెను. కళాశాలలో జేరుటకు ముందే దానికి మండలి గుర్తింపు కలదా యని తప్పక విచారింపవలెను. సికిందరాబాదునందు 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ యొకటి బుద్ధివైకల్యము గలవారి విద్యకై పనిచేయుచు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. ఇంగ్లండులో కొన్ని విశ్వవిద్యాలయములు ప్రత్యేకావసరములు, సమ్మిళిత విద్య యను విషయముపై పట్టపు చదువును నెలకొల్పినవి. అయితే అట్టి పట్టముమాత్రమున ఉపాధ్యాయయోగ్యత వచ్చునని యెంచరాదు, దానికి వేఱుగ శిక్షణ పొందవలెను.

కొందఱు తలిదండ్రులు, "ఇట్టి పిల్లలు తరగతిలోనుండిన మా పిల్లల చదువు వెనుకబడదా?" యని యడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. అఱువదిమంది యున్న తరగతిలో నొక్క యుపాధ్యాయుడు అన్నియు చేయజాలడు. తోడ్పడు ప్రత్యేకోపాధ్యాయుడును, సాధనములును లేక సమ్మిళిత విద్య యనుట మాటమాత్రమే యగును. సైగభాషలో బోధన కావలసిన బధిరబాలురవంటి కొందఱికి ప్రత్యేకపాఠశాలయే మేలగుటయు గలదు. అయినను మనము వెంటనే చేయదగినవి కొన్ని గలవు. నల్లబల్లవైపు తిరిగి మాటలాడక, పిల్లలకు ముఖము కనబడునట్లు నిలిచి చెప్పిన, వినికిడి తక్కువైన బిడ్డ పెదవులను జూచి గ్రహించును. అక్షరములు పెద్దవిగ వ్రాసిన, చూపు తక్కువైనవానికి మేలు. పెద్దపనిని చిన్న మెట్లుగ విడదీసిన, మందముగ నేర్చువానికి మేలు. చదువలేనివానిని పదిమందిలో చదివింపక, నోటితో బదులు చెప్పనిచ్చి, వ్రాతకు కొంత గడువెక్కువ యిచ్చిన, వాని తెలివి బయటపడును. వీనిలో ఏ యొక్కటియు తక్కిన పిల్లలకు కీడు చేయదు. చాలవఱకు వారికిని మేలే చేయును.

గత సంవత్సరము నేనా బాలుని వెదకికొని పోతిని. ఇప్పుడతడు మోటారుసైకిళ్లు బాగుచేయు కొట్టు పెట్టుకొని గౌరవముగ జీవించుచున్నాడు. లెక్కలన్నియు నోటనే యుంచుకొనును. నేను నా తప్పును జెప్పుకొనగా నతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తన యైదేండ్ల కూతును జూపి, "మాష్టరుగారూ, నా బిడ్డకును ఈ కష్టము వచ్చునా?" అని యడిగెను. తన పోయిన చదువునుగూర్చి యొక్క మాటయైన ననలేదు. ఇది కుటుంబములలో సంక్రమించుట కలదు గావున రాదని నేను చెప్పలేకపోతిని. "వచ్చిన రావచ్చును. వచ్చినను ముందుగనే కనిపెట్టి నేర్పు దారులున్నవి. నేనే వచ్చి చూచెదను" అని చెప్పితిని. నెలకొకమాఱు పోయి చూచుచున్నాను.

విద్యార్థులారా! మీలో నెవరికైన నోరిమియు, నిదానముగ గమనించు గుణమును గలిగినచో నీ శాస్త్రమునుగూర్చి యాలోచింపుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ నేర్చుకొనలేకున్నచో దాచకుడు, కొట్టకుడు. తొందరగ వచ్చి చెప్పుడు. తోడి యుపాధ్యాయులారా! ఒక బిడ్డను సోమరి యని పిలుచుటకు ముందు, వానికి నేర్పు మఱొక దారిని మనము వెదకితిమా యని మనలను మనమే ప్రశ్నించుకొందము.