ఎఫ్‌సీ అవుతుందా, బాబాయ్?

పాత పికప్ బేరానికి దిగిన కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి ముందు అడిగేది ఇదే. బొలేరో కావచ్చు, టాటా ఏస్ కావచ్చు, దోస్త్ కావచ్చు, ప్రశ్న మారదు. విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల కింద పడుకునే జుట్టు నెరిసినవాణ్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఒకసారికైతే ఏ బండైనా ఎఫ్‌సీ అవుతుంది. ఏటా చేతిచమురు వదలకుండా అవుతుందా అన్నదే చూసుకోవాలి.

1. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ చూడు. సరుకు బండికి కొత్తలో రెండేళ్లకు ఎఫ్‌సీ ఇస్తారు. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి. ఏడేళ్లు దాటిన బండిని తెగ తొందరపడి అమ్ముతున్నాడంటే అవతలివాడికి ఈ లెక్క బాగా తెలుసన్నమాట. కొనొద్దనను. ఏటా బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటుంది, ఆ రోజుల కిరాయి పోతుంది. అది కూడా కలుపుకుని బేరమాడు.

2. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఏం మోసిందని అడుగు. మీటరు వెనక్కి తిప్పడం ఎంతసేపు పని! మోసిన సరుకు గుర్తులు మాత్రం బండిలో ఉండిపోతాయి.

భీమవరం, ఆకివీడు వైపు చేపలూ రొయ్యలూ తోలిన బండి రంగు వేశాక పైకి పెళ్లికొడుకులా ఉంటుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రాలీ సందుల్లోంచి ఏళ్ల తరబడి చాసిస్ మీదికే కారి ఉంటాయి. కింద దూరి, అడ్డ దూలాన్ని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టు. ఖంగుమంటే సరే. మొద్దుగా పలికి, పొరలు పొరలుగా తుప్పు కళ్లలో రాలితే మాట్లాడకుండా లేచి వచ్చెయ్. ఇంకోటి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది చూడు. ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు ఆ అచ్చు అడుగుతారు. అంకెలు తుప్పు తినేసి కాగితం మీద తేలకపోతే, ఇంజన్ ఎంత బాగున్నా బండి అక్కడే ఆగిపోతుంది.

మదనపల్లె టమాటా తోలిన బండి భాకరాపేట ఘాట్ లాంటి దిగుళ్లు లోడుతో దిగి ఉంటుంది. చక్రం విప్పించి డ్రమ్ము లోపల చూడు. నీలం మచ్చలు, సన్నటి వెంట్రుక పగుళ్లు ఉంటే కాలి కాలి చల్లారిన డ్రమ్ము అది, మార్చాల్సిందే. గుంటూరు మిర్చి యార్డుకి తిరిగిన బండికి బరువుకన్నా ఎత్తు బాధ. బస్తాలు మీద మీద పేర్చి మోకులు బిగించేసరికి ట్రాలీ డోర్లు బయటికి ఉబ్బుతాయి, బందులు వదులవుతాయి. టింకరింగ్ చేయిస్తే పోయే రోగమే. ఇసుక తోలిన బండి సంగతి నన్నడక్కు. అడిగినా కొనమని చెప్పను.

నన్నడిగితే పాల బండి మేలు. వీధివీధికీ ఆగి, కదిలి, క్లచ్ ప్లేటూ బ్రేకు షూలూ అరిగి ఉంటాయి, నిజమే. అవి మార్చుకునే సామాన్లు. చాసిస్ మార్చుకోలేం కదా.

3. కమాను పట్టీలు లెక్కపెట్టు. మనవాళ్లు బండి షోరూమ్ నుంచి రాగానే వెనక ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయించేస్తారు. లోడుకి కుంగకుండా నిలబడుతుందని సంబరం. దాంతో బ్రేకులు ఎలా చెడతాయో చాలామంది మెకానిక్కులే చెప్పరు.

చాలా పికప్‌లలో చాసిస్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య చిన్న కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. ఎల్‌ఎస్‌పీవీ అంటాం. లోడు పడి బండి కుంగితే ఆ కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకి ఆయిల్ ఒత్తిడి పెంచుతుంది. ఖాళీగా ఉంటే వెనక చక్రాలు పట్టేసి బండి గిర్రున తిరిగిపోకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. పట్టీలు ఎక్కువైతే లోడేసినా బండి కుంగదు. వాల్వు దృష్టిలో అది ఖాళీ బండే. వెనక బ్రేకు సగమే పడుతుంది, భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి త్వరగా అరుగుతాయి. కొందరు ఈ తంటా ఎందుకని కడ్డీని తీగతో పైకి కట్టేస్తారు. తీగ కనబడితే అక్కడే పది ప్రశ్నలు వెయ్యి.

4. బ్రేకు పడితే చాలదు, రెండు పక్కలా సమానంగా పడాలి. ఖాళీ రోడ్డు మీద నలభై స్పీడులో స్టీరింగ్ వదులుగా పట్టుకుని గట్టిగా తొక్కు. బండి కుడికి లాగిందంటే ఎడమ చక్రం పట్టడం లేదు. ఎక్కువసార్లు దొరికే దొంగ వీల్ సిలిండర్. దాని రబ్బరు మూత అంచు గోటితో పైకెత్తి చూడు. లోపల తడి ఉంటే ఆయిల్ కారి షూ మీదికి చేరినట్టే. ఆయిల్ తాగిన షూని పెట్రోలుతో కడిగి, గరుకు కాగితం రుద్ది మళ్లీ బిగిస్తారు. ఎఫ్‌సీ రోజుకి పడుతుంది, మరుసటి నెలకి మళ్లీ జారుతుంది. సిలిండర్ మార్చు, రెండు పక్కలా షూలు మార్చు.

5. అమ్మకానికి ముందే చేయించిన తాజా ఎఫ్‌సీని చూసి మురిసిపోకు. ఆ కాగితం బండి ఆ పూట ఎలా ఉందో చెబుతుంది. ఎఫ్‌సీ నాటికి మంచి టైర్లు అద్దెకి తెచ్చి బిగించి, సాయంత్రానికి విప్పేసేవాళ్లు ఉన్నారు. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి అడుగున చిన్న దిమ్మె ఉంటుంది, టైరు దాని మట్టానికి అరిగితే పని అయిపోయినట్టే. పాత ఎఫ్‌సీల తేదీలు అడుగు. ఏటా గడువులోపే చేయించిన బండి వేరు, ఆర్నెల్లు మూలన పెట్టి కొనేవాడు దొరికాక చేయించిన బండి వేరు.

6. చిల్లర సామాను. రివర్స్ లైటు, ఇండికేటర్లు, వైపర్, అద్దాలు, హారన్. ముందు తెల్ల, వెనక ఎర్ర, పక్కల పసుపు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు. కుర్రతనం కొద్దీ పెట్టించుకున్న ఎల్‌ఈడీ బల్బులు, మ్యూజిక్ హారన్లు ముందు పీకించు. మామూలు బల్బు డూమ్‌లో ఎల్‌ఈడీ పెడితే వెలుగు ఆకాశానికీ ఎదుటివాడి కళ్లకీ పోతుంది, రోడ్డు మీద పడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర తప్పే బండ్లలో, నేను చూసినంతలో, చాలావాటిని ఈ చిల్లరే ముంచుతుంది.

7. స్టీరింగ్‌ని రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించు, ముందు చక్రం దగ్గర ఒకణ్ని కూర్చోబెట్టు. చక్రం కదలకముందే స్టీరింగ్ చాలా దూరం తిరిగితే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు చూపించుకోవాలి.

8. పొగ పరీక్షకి చల్లటి ఇంజన్‌తో పోకు. డీజిల్ బండికి పొగ చిక్కదనం కొలుస్తారు: బీఎస్-3 దాకా 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 అయితే 50 హద్దు. ఎయిర్ ఫిల్టర్ మార్చి, హైవే మీద కాసేపు తోలి తీసుకెళ్లు. అప్పటికీ నల్లగా కక్కితే నాజిళ్లు, పంపు చూపించాలి. ఆ ఖర్చు అమ్మేవాడి రేట్లోంచి తీసెయ్.

9. కాగితాల్లో జాగ్రత్త. ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకి 50 రూపాయల చొప్పున అదనపు ఫీజు ఉంది. 2022 మేలో హైదరాబాద్‌లో ఆటోలు, క్యాబ్‌లు బందు చేసింది దీని మీదే. ఏడాది మూలన పడిన బండికి అది ఎంతవుతుందో నువ్వే వేసుకో. దానికన్నా పెద్ద చిక్కు, ఎఫ్‌సీ లేని సరుకు బండికి చట్టం ప్రకారం రిజిస్ట్రేషనే చెల్లనట్టు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాడు మొదట పట్టుకునేది దాన్నే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ తేదీలు చూడు. చలాన్లు, ఫైనాన్స్ బాకీ విడిగా విచారించు. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా బయానా మించి ఇవ్వకు.

10. మెషీన్ల కాలం వస్తోంది. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల కోసం కేంద్రం 2021లోనే నిబంధనలు ఇచ్చింది. అక్కడ బండిని రోలర్ల మీదికి ఎక్కించి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో విడివిడిగా కొలుస్తారు, హెడ్‌లైటు ఎటు చూస్తోందో కొలుస్తారు. పెట్రోలుతో కడిగిన షూ, తీగతో కట్టిన కడ్డీ అక్కడ అంకెల్లో తేలిపోతాయి. నాకైతే సంతోషమే. సరిగ్గా పనిచేసిన మెకానిక్కి ఇన్నాళ్లకి సాక్ష్యం దొరికింది.

11. ఇవన్నీ చూశాక కూడా బండి నచ్చితే, కొనే ముందే ఒక పూట షెడ్డుకి తెప్పించు. ర్యాంపు ఎక్కించి, నాలుగు చక్రాలూ విప్పించి, కావలసిన సామాన్లన్నీ కాగితం మీద రాయించు. ఒప్పుకోని అమ్మకందారుతో బేరం వద్దు. ఒప్పుకుంటే ఆ కాగితం ముందుపెట్టి రేటు మాట్లాడు. మెకానిక్కి కూలి మాత్రం నువ్వే ఇచ్చుకో. అమ్మేవాడిచేత ఇప్పిస్తే మెకానిక్ ఎవరి మాట చెబుతాడో నీకు తెలియదు.