ట్యాంకు నిండితే ఇల్లే కేకేయాలట!

ట్యాంకు నిండగానే వంటింట్లో స్పీకరు "మోటారు ఆపండి" అనాలి, అంతేగా నీ కోరిక? బావుంది తల్లీ. కానీ "ఆర్డినో బోర్డు కొననా, ఈఎస్‌పీ32 కొననా?" అని అక్కడే ఆగిపోయావు చూడు, అది తర్వాతి సంగతి. శబ్దం బోర్డే చేయాలా, బోర్డు చెబితే ఇంకొకటి చేయాలా? ముందు అది తేల్చుకో.

ఎందుకంటావా? సీడీలో వినిపించే స్టీరియో పాటకి సెకనుకి 1,76,400 బైట్లు కావాలి. ఆర్డినో ఊనో ఆర్3లో ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లు. సెకనులో నూరోవంతు పాటకే అది నిండిపోతుంది. ఎంపీ3 విప్పి వినిపించడం దానివల్ల కాదు. అలాగని ఊనోని తీసిపారేయకు. ఆర్డినోలంటే 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల కోసం మొదలుపెట్టిన బోర్డులవి. మనలాంటివాళ్ల కోసమేనన్నమాట.

ఊనో చేయలేని పని డీఎఫ్‌ప్లేయర్ మినీ చేస్తుంది. బొటనవేలంత మాడ్యూలు. మెమరీ కార్డు అందులోనే పెట్టొచ్చు, చిన్న స్పీకరుకి సరిపడా యాంప్లిఫయరూ అందులోనే ఉంది. బోర్డు "మూడో ఫైలు" అంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. కార్డు 32 జీబీ దాటకూడదు, ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. ఇంకో తిరకాసుంది. మామూలుగా అడిగితే అది ఫైళ్లను పేరు చూసి కాదు, నువ్వు కాపీ చేసిన వరసలో లెక్కపెడుతుంది. అందుకని ఎంపీ3 అనే ఫోల్డరు పెట్టి, అందులో 0001, 0002 అని నాలుగంకెల పేర్లిచ్చి, ఆ ఫోల్డరునే అడిగే కమాండు వాడు. బోర్డు నుంచి దాని ఆర్‌ఎక్స్ కాలికి వెళ్లే తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టరు వేస్తే స్పీకర్లో గరగర తగ్గుతుంది. స్పీకరు తీగలు రెండూ దానికున్న స్పీకరు కాళ్లకే. ఒక్కటి కూడా గ్రౌండుకి కలపకు.

ఇలా చేస్తే ఏ బోర్డయినా ఒకటేగా అంటావు. ఒకటే! అయినా నా ఓటు ఈఎస్‌పీ32కే. ర్యామ్ 520 కిలోబైట్లు, వైఫై, బ్లూటూత్ అందులోనే. ఇవాళ స్పీకరంటావు, రేపు ఫోనుకి కబురు రావాలంటావు, నిన్ను ఎరగనా? ఎల్లుండి ఇంటర్నెట్ రేడియో కావాలన్నా అదే బోర్డుకి మ్యాక్స్98357 అనే చిన్న యాంప్లిఫయరు తగిలిస్తే సరి.

కొట్లో మాత్రం జాగ్రత్త. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా, రేకు మూత మీద వ్రూమ్-32 అని ఉందో లేదో చూసుకో. ఎస్3, సీ3 రకాలు మంచివే కానీ, ఫోన్లో పాటని బ్లూటూత్ మీదుగా అందుకోలేవు. పాత ఈఎస్‌పీ32 ఆ పని చేస్తుంది. కేబులు కూడా డేటా వెళ్లేదే తీసుకో. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబులుతో బోర్డు లైటు వెలుగుతుంది, కంప్యూటరుకి మాత్రం కనబడదు. అప్పుడు బోర్డుని తిట్టుకుంటాం.

ఈఎస్‌పీ32 కాళ్లు 3.3 వోల్టులవి, 5 వోల్టులు నేరుగా ఇవ్వకు. డీఎఫ్‌ప్లేయర్‌కి కరెంటు మాత్రం 5 వోల్టుల కాలి నుంచే ఇవ్వు. గ్రౌండ్లు రెండూ కలపడం మరిచిపోకు.

డాబా మీద ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చి వేసి, రెండు తీగలు పైపు వెంబడి వంటింట్లోకి దింపు. మోటారుకి వేసిన పాత ఫ్లోట్ ఉంటే దాని జోలికి పోకు, అందులో 230 వోల్టులు ఉండొచ్చు. ఇది వేరేది, వేరే తీగ. నీళ్లు ఊగితే స్విచ్చి టకటకా కొట్టుకుంటుంది కాబట్టి, అయిదారు సెకన్లు అలాగే నిలిచాకే నమ్మమని ప్రోగ్రాములో రాయి. మోటారు తనంతట తానే ఆగేలా చేయడం ఎలక్ట్రీషియన్ పని. నువ్వు మాట వరకే.

ఆ మాట కూడా నీ గొంతుతో రికార్డు చేయకు. నువ్వు పిలిస్తే ఆ ఇంట్లో ఎవరు లేస్తున్నారు గనక! మీ మామగారితో చెప్పించు.