కెర్నల్ ఆపడం కూడా నేర్చుకోండి

జూపిటర్ నోట్‌బుక్ తెరవడం, మోడల్‌కు ట్రైనింగ్ ఇవ్వడం ఇప్పుడు చాలామంది విద్యార్థులకు వచ్చు. పనయ్యాక ట్యాబ్ మూసేసి లేచిపోతారు. రిమోట్ సర్వర్‌లో కెర్నల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, పట్టుకున్న మెమరీని వదలదు. పనిలేని కెర్నల్‌ను దానంతట అదే ఆపే గడువు జూపిటర్ సర్వర్‌లో డిఫాల్ట్‌గా 0, అంటే ఆ ఏర్పాటు ఆఫ్‌లో ఉన్నట్టే. పదిమంది వాడే సర్వర్‌లో ఆ భారం పక్కవాళ్ల మీద పడుతుంది.

డేటా ప్లాట్‌ఫామ్, ఫుల్‌స్టాక్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు ఈ సమస్యనే ప్రాజెక్టుగా తీసుకోండి. రిమోట్ సెషన్లను ఆపే చిన్న టూల్‌ను జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆర్ఎక్స్‌జేఎస్‌తో రాయండి.

ముందు ఇవి తెలియాలి

కోడ్‌ను నడిపే ప్రాసెస్ కెర్నల్. ఏ నోట్‌బుక్‌కు ఏ కెర్నలో ముడిపెట్టేది సెషన్. ఇంటరప్ట్ చేస్తే నడుస్తున్న సెల్ ఆగుతుంది, వేరియబుల్స్ ఉంటాయి. షట్‌డౌన్ చేస్తే అవీ పోతాయి. సెషన్ ఐడీతో, టోకెన్ జతచేసి డిలీట్ రిక్వెస్ట్ పంపితే సెషన్‌తో పాటు కెర్నల్ కూడా ఆగుతుంది. సర్వర్ 204 అని జవాబిస్తుంది.

తడబడేది ఇక్కడే

ఎన్‌టెరాక్ట్ వారి ఆర్ఎక్స్-జూపిటర్ లైబ్రరీలో సెషన్‌ను తీసేసే ఫంక్షన్ ఉంది. దాన్ని పిలవగానే పని అయిపోయిందనుకుంటారు. అది ఇచ్చేది అబ్జర్వబుల్. సబ్‌స్క్రైబ్ చేసేదాకా రిక్వెస్ట్ గడప దాటదు. ఎర్రర్ రాదు, కెర్నలూ ఆగదు.

సెషన్లు చాలా ఉంటే ఆర్ఎక్స్‌జేఎస్‌లోని మెర్జ్‌మ్యాప్ వాడి, ఒకేసారి ఎన్ని రిక్వెస్టులు వెళ్లాలో పరిమితి పెట్టండి. ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌ఎర్రర్‌ను లోపల, ఒక్కో రిక్వెస్టుకు విడిగా పెట్టండి. బయట పెడితే ఒక్కటి విఫలమైనా మిగతా వరుసంతా ఆగిపోతుంది. 404 వస్తే ఆ సెషన్ అప్పటికే లేదని అర్థం, దాన్ని వైఫల్యంగా లెక్కించొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆపేముందు కెర్నల్ స్థితి చూడండి. బిజీ అని ఉంటే అక్కడ ఎవరి ట్రైనింగో సగంలో ఉండొచ్చు. మీ సొంత కంప్యూటర్‌లోని సర్వర్ మీదే సాధన చేయండి.

ఇంటర్వ్యూలో

టూల్ ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పి, ఏ కెర్నల్‌ను ఎందుకు ఆపకూడదని నిర్ణయించారో వివరంగా చెప్పండి. నలుగురూ వాడే సర్వర్‌ను మీ చేతికి ఇవ్వొచ్చన్న నమ్మకం ఆ జవాబుతోనే కలుగుతుంది.