‘పాలు చాలవు’ అను మాట

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని బాలింతల యిండ్లలో “పాలు చాలుట లేదు” అను మాట మనము తరచుగా వినుచుందుము. ఆ మాట వెంటనే పాలసీసా యింట ప్రవేశించును. కాని నిజముగా పాలు చాలని తల్లులు కొద్దిమందియే.

కాన్పు తరువాత రెండు మూడు దినములు చిక్కగా, పసుపు వన్నెతో వచ్చునవి ముర్రుపాలు. అవి కొలతకు కొద్ది చెంచాలే. అప్పటి శిశువు కడుపునకు అంతియే చాలును. రోగములను అడ్డుకొను శక్తి వానిలో మెండు. వానిని పిండి పారబోయుట బిడ్డకు అందవలసిన తొలి టీకాను పారబోయుట వంటిది. గంటలోపుననే బిడ్డను రొమ్మునకు చేర్చవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రెండు పూర్ణ సంవత్సరములు పాలిచ్చుటను ఖురాన్ షరీఫ్ బఖరా సూరాలోని 233వ ఆయత్ ప్రస్తావించినది. ఘుట్టీ పేరనో, తహ్నీక్ పేరనో తేనె నాకించు అలవాటు మాత్రము మానదగినది. ఏడాది నిండని బిడ్డకు తేనె అపాయకరము. మన ఎండలలోనైనను ఆరు మాసముల వరకు నీరు పట్టనక్కరలేదు. తల్లిపాలలో అధికభాగము నీరే గదా!

పాలు ఊరుటకు మూలము బిడ్డ చీకుట. చీకిన కొలది ఊరును, సీసా పట్టిన కొలది తగ్గును. రేయింబవళ్లలో 8 నుండి 12 మారులు పట్టవలెను. ఐదవ దినము తరువాత రోజునకు ఆరు మారులైనను మూత్రము పోయుచు, బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నట్లే. చనుమొన మాత్రమే నోట నుంచినచో అది పగులును. చుట్టునున్న నల్లని భాగము కూడ నోటిలోనికి పోవలెను. రొమ్ము ఎర్రబారి జ్వరము వచ్చినచో వైద్యుని చూడవలెనే గాని పాలు మాన్పరాదు.

ఇవన్నియు తెలిసిన తల్లికిని తీరిక చిక్కవలెను గదా. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టము తొలి రెండు కాన్పులకు వేతనముతో కూడిన సెలవును 26 వారములకు పెంచినది. 50 మందికి తక్కువ గాక పనిచేయు చోట శిశుసంరక్షణ గృహముండవలెనన్నది. హిందూపురపు మిల్లులోని, పెనుకొండ చెంత కార్ల కర్మాగారములోని అర్హురాలైన ఉద్యోగినికి ఇది మేలే. ధర్మవరమున సొంత యింట పట్టుమగ్గము చెంత కండెలు చుట్టు తల్లికి సెలవిచ్చు యజమాని యెవరు? బిడ్డ పక్కనే యున్నను, చీర ముగియనిదే డబ్బు రాదు. అట్టి యింట భర్తయో, అత్తగారో, ఆడబిడ్డయో రెండేసి గంటలకొకమారు ఆ కండెలను తాము అందుకొని, ఆమెను లేపి బిడ్డ చెంతకు పంపవలసి యున్నది.