గుడిస కొండకు వెళ్లే మేనకోడలికి

కడియం

చిరంజీవి లావణ్యకు,

సంక్రాంతి సెలవుల్లో ఆరుగురు కలిసి మారేడుమిల్లి వెళ్తున్నారని, గుడిస కొండ మీద సూర్యోదయం చూసి రెండ్రోజులు అక్కడే తిరుగుతారని మీ నాన్న చెప్పాడు. నాకు చెబితే వద్దంటానని నువ్వు దాచావట. నేనెందుకు వద్దంటానే? ఏజెన్సీలో నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ఆ కొండల మీద నీకంటే నాకే మోజు ఎక్కువ. కాకపోతే “మనవైపు చలేంటి నాన్నా, మంచేమైనా కురుస్తుందా?” అన్నావట. ఆ మాట విన్నాక ఉత్తరం రాయక తప్పలేదు.

మంచు కురవక్కర్లేదు అమ్మలూ. తడీ గాలీ కలిస్తే పది డిగ్రీల చలి చాలు మనిషిని పడగొట్టడానికి. కాలవ గట్ల మీద పెరిగినవాళ్లం, మనకి ధనుర్మాసం చలంటే పొద్దున్నే ఓ శాలువా, ఎండెక్కగానే దాన్ని దండెం మీద పడెయ్యడం. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు గుడిస మీద గాలి. పైకెళ్లాక అంతా గడ్డే, గాలికి అడ్డుపడే చెట్లు తక్కువ. తెల్లారుజామున ఆ గడ్డిలో నాలుగడుగులు వేస్తే మోకాళ్ల దాకా ప్యాంటు తడిసి కాళ్లకి అతుక్కుపోతుంది. అది జీన్సైతే ఎండొచ్చినా ఓ పట్టాన ఆరదు. నూలుబట్టని మించింది లేదని మనింట్లో అంటాం, ఎండాకాలం అది నిజమే. చలికాలం కొండెక్కేటప్పుడు ఒంటికి తగిలేది నూలు కాకూడదు. చెమట పీల్చుకుని ఒంటి మీదే ఉంచేస్తుంది. లోపల పాలిస్టర్ టీషర్టు, మీద ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలి చొరబడని రెయిన్‌కోటు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే స్వెట్టరు విప్పెయ్, ఆగగానే తొడుక్కో. ఒక జత బట్టలు, రెండు జతల సాక్సులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకో.

ఒంట్లో వేడి పడిపోతుంటే ముందు వణుకు పుడుతుంది. వణుకుతున్నంతసేపూ ఒళ్లు తన ప్రయత్నం తాను చేస్తున్నట్టే. ఆ తర్వాత జిప్పు లాక్కోవడం చేతకాదు, మాట ముద్దగా వస్తుంది, ఊరికే విసుక్కుంటారు, నడకలో వెనకబడతారు. పక్కవాళ్లేమో వేళాకోళమాడతారు. ఇంకాసేపటికి వణుకు ఆగిపోతుంది. తగ్గిందిలే అనుకునేరు, ముంచుకొచ్చేది అప్పుడే. తడిబట్టలు తీసేసి పొడివి తొడగండి, నేల చలి తగలకుండా కింద ఏదైనా పరిచి తలతో సహా కప్పండి. స్పృహ ఉండి మింగగలిగితే పంచదార దండిగా వేసిన వేడి టీ పట్టండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. మన పెద్దవాళ్లకి తెలిసిన మొదటి వైద్యం అదే గానీ, ఇక్కడ అది పనికిరాదు. బ్రాందీ అసలు వద్దు. మీలో ఎవరో సీసా పట్టుకొస్తారని నాకు తెలుసు. గుక్కపడగానే వెచ్చగా ఉంటుంది, ఎంచేతంటే లోపల దాచుకున్న వేడంతా చర్మం మీదకొచ్చి గాలికి పోతుంది గనక.

ఇంకోటి చెబుతాను, ఇది మాత్రం నా మీద ఒట్టేసి పాటించు. చలిగా ఉందని టెంట్లోకి గానీ, తలుపులేసిన గదిలోకి గానీ బొగ్గుల కుంపటి తెచ్చుకోవద్దు. కార్లో అద్దాలు బిగించి ఇంజను ఆన్లో పెట్టి పడుకోవద్దు. వాటిలోంచి వచ్చే విషవాయువుకి వాసనుండదు, దగ్గు రాదు. కాస్త తలనొప్పి, మత్తు, అంతే. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అర్ధరాత్రి రాజమండ్రిలో బండెక్కి సూర్యోదయానికల్లా కొండ మీదుండాలని మీ ప్లానట. కొండ కన్నా ఈ ప్లాను చూసే నాకు భయం. 2019 అక్టోబరు 15న వాల్మీకికొండ దగ్గర పర్యాటకుల బస్సూ, 2025 డిసెంబరు 12న తెల్లారకముందే చిత్తూరు యాత్రికుల బస్సూ లోయలో పడింది మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లోనే. మీరు చింతూరు దాకా వెళ్లకపోయినా మలుపులూ, పొగమంచూ ఆ కొండలవే. ముందురోజు పగలే మారేడుమిల్లి చేరి, బొంగు చికెన్ తిని, పడుకోండి. పైకి మీ కారు తీసుకెళ్లొద్దు, అక్కడి జీపు మాట్లాడుకోండి. డ్రైవరు గానీ, దారి చూపించే కొండరెడ్ల కుర్రాడు గానీ “ఇయ్యాళొద్దండి” అన్నాడా, బేరం పెంచి ఒప్పించొద్దు. పైన రాత్రి ఉండనిస్తారో లేదో అటవీశాఖ చెక్‌పోస్టులో అడగండి. కాదంటే కాదనే.

సంక్రాంతికి ఆకాశం తేటగానే ఉంటుందనుకో. అదే డిసెంబరుకి మార్చుకున్నారంటే తుఫాను సంగతి చూసుకోండి. పెథాయ్ 2018లో మన కాట్రేనికోన దగ్గర తీరం దాటింది డిసెంబరు 17నే. చలిలో వాన పడితే కొండ మీద ఏమవుతుందో పైన రాశాను.

వాగుల్లో, జలపాతాల్లో దిగొద్దు. 2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర ఎగువ వానకి ఉన్నట్టుండి వరదొచ్చి వైద్యవిద్యార్థులు ముగ్గురు పోయారు. జనవరిలో నీళ్లు తక్కువే, కానీ నాచు పట్టిన బండలు అలాగే ఉంటాయి. చలికి మొద్దుబారిన కాళ్లకి పట్టు దొరకదు.

చీకటి కూడా తొందరగా పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఆరయ్యేలోపే పొద్దుగూకుతుంది, లోయలోనైతే ఇంకా ముందే. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎంత దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగండి. తలో టార్చిలైటు ఉండాలి, ఫోను లైటుని నమ్ముకోవద్దు. అక్కడ సిగ్నలుండదు గనక ఛార్జింగంతా టవరు వెతుక్కోవడానికే అయిపోతుంది. తినడానికి బెల్లం వేరుశనగ ఉండలు, తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్లు. మీ అమ్మ పూతరేకులు కట్టిస్తుంది, అవి నలిగి పొడైపోతాయి, ఇంట్లోనే తినేసి వెళ్లు.

ఇంటికొచ్చాక వారం పదిరోజులకో, ఇంకాస్త ఆలస్యంగానో జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని కూర్చోకు. ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పి మలేరియా పరీక్ష చేయించుకో. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర నల్లటి పక్కులాంటి మచ్చ ఉందేమో చూసుకో. గడ్డిలో ఉండే సన్నపురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కి అదే గుర్తు. అది మన జిల్లాల్లో వానలు వెళ్లాక, చలికాలంలోనే ఎక్కువ. గడ్డి మీద దుప్పటి లేకుండా పడుకోవద్దు, ఫొటోకైనా సరే.

ఇది బాగా జరిగితే వచ్చే ఏడు హిమాలయాల్లో కేదార్‌కంఠ ఎక్కుతానంటున్నావట. దాని సంగతి అప్పుడు మాట్లాడదాం. ఈలోగా 2024 జూన్‌లో అక్కడి సహస్రతాల్ దారిలో మంచుతుఫానుకి కర్ణాటకవాళ్లు తొమ్మిదిమంది ఎలా పోయారో చదువు. జూన్, అమ్మలూ, చలికాలం కూడా కాదు.

మీ ఆరుగురి పేర్లు, వాళ్ల ఇళ్ల ఫోను నంబర్లు, జీపు నంబరు, తిరిగొచ్చే టైము కాగితం మీద రాసి నాకూ, మీరు దిగే లాడ్జిలోనూ ఇవ్వండి. నా పాత ఉన్ని స్వెట్టరు మీ నాన్నతో పంపిస్తున్నాను, రంగు బాగాలేదని మానెయ్యకు. కిందికి దిగాక సిగ్నలు తగలగానే నాకు ఫోను చెయ్యి. రాత్రి ఎనిమిది దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే 112కి చెప్పేస్తాను, ఆ తర్వాత స్నేహితుల ముందు నామోషీ అయిందని నా మీద ఎగరొద్దు.

ఇట్లు,
మీ అత్తయ్య